‘మీ ఇల్లు ఎక్కడ?’: విశాఖ స్టూడియో చేసిపెట్టిన పేదరికం పేజీ, ఆర్నెల్లు వాడాక

ఒడిశాలోని గుణుపురంలో మాది చిన్న సేవాసంస్థ. రాయగడ జిల్లాలో కొండవార ఊళ్ళలో పిల్లలకి సాయంత్రం బళ్ళు నడుపుతాం, ఆడవాళ్ళ పొదుపు సంఘాలకి లెక్కలు రాసుకోవడం నేర్పుతాం. మాకు విరాళాలిచ్చేవాళ్ళు విశాఖలో, హైదరాబాదులో, కొందరు పై దేశాల్లో ఉన్నారు. ప్రపంచంలో పేదరికం ఎంత, అందులో మన ప్రాంతం ఏ మెట్టు మీద ఉంది అన్నది వేలితో జరుపుకుంటూ చూసే పేజీ ఒకటి కావాలని 2025 ఏప్రిల్‌లో విశాఖలోని ఒక డిజైన్ స్టూడియోకి పని అప్పగించాం. అందులో ఇద్దరే మనుషులు, ఇద్దరూ ముప్ఫై లోపు కుర్రాళ్ళు. తెలుగు, ఒడియా, ఇంగ్లిష్ మూడింట్లోనూ ఉండాలన్నాం. మాట్లాడుకున్నది 85 వేలు, పది వారాలు. అయినది 97 వేలు, పదహారు వారాలు.

స్టూడియో పేరు రాయడం లేదు. వాళ్ళు తప్పులు చేశారు, దిద్దుకున్నారు కూడా. పేరు పెట్టి రాస్తే జనానికి తప్పులే గుర్తుంటాయి. మాలాంటి చిన్న సంస్థలు ఇలాంటి పని చేయించుకునేటప్పుడు ఏం చూసుకోవాలో తెలియాలని రాస్తున్నాను. ఇది కంపెనీ బ్రోచర్ లాంటిది కాదు. ఇక్కడ ఒక చుక్క తప్పు చోట పడిందంటే ఒక ఇంటి గురించి అబద్ధం చెప్పినట్టే.

మొదటి వెర్షన్ మే నెలాఖరులో వచ్చింది. నల్లటి తెర మీద భూగోళం నెమ్మదిగా తిరుగుతుంది, దేశం మీద వేలు పెడితే ఎర్ర చుక్కలు లేస్తాయి. ఆఫీసులో అందరికీ నచ్చింది, నాకూ నచ్చింది. మర్నాడు సంత రోజు. పొదుపు సంఘం ఆడవాళ్ళు మా ఆఫీసుకి వస్తే ట్యాబ్ వాళ్ళ చేతికిచ్చాను. కూరగాయలమ్మే పిన్ని ఒకావిడ ముందు కూర్చుంది. ‘మీ ఇల్లు ఎక్కడ?’ అని ఒక బటన్ ఉంటుంది. అది నొక్కితే మీ ఇల్లు ప్రపంచంలో ఏ స్థాయిలో ఉందో చుక్కగా చూపిస్తుంది. నొక్కింది. తెర మీద మొదటి ప్రశ్న: ‘మీ నెల జీతం ఎంత?’

“జీతం ఏటమ్మా? నాకెవులిస్తారు?” అంది.

ఆ గదిలో పదకొండు మంది ఉన్నారు. నెల జీతం వచ్చే ఇల్లు ఒక్కటే, ఆ ఇంటాయన రైల్వేలో చేస్తాడు. మిగతావాళ్ళకి ఏడాదిలో రెండుసార్లు పంట, మధ్యలో కూలి, కొన్నాళ్ళు వలస. ఆ ప్రశ్నకి జవాబే లేదు వాళ్ళ దగ్గర. పిన్నే మళ్ళీ అంది, “నెలకెంత ఖర్చవుద్దో అడగమను, సెప్తాను.” పేదరికాన్ని లెక్కగట్టే సర్వేలు మన దేశంలో అడిగేదీ అదే, ఆదాయం కాదు, ఖర్చు. 2022-23లో కేంద్రం చేసిన గృహ వినియోగ వ్యయ సర్వే కూడా అలాంటిదే. సర్వేవాళ్ళకి తెలిసిన సంగతి పిన్నికి తెలుసు, డిజైన్ చేసినవాళ్ళకి తెలియలేదు.

ఖర్చు చెప్పడం మొదలెట్టాక రెండో చిక్కు. “మా సెక్కలో పండిన బియ్యం కొన్లేదు కదా, అది ఎయ్యాలా వద్దా? కోటా బియ్యమో?” స్టూడియోకి ఫోన్ చేస్తే ఆ కుర్రాడి దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని చదివాను. సొంతంగా పండించుకుని తిన్నదానికీ విలువ కట్టి ఖర్చులో కలుపుతారు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చినవాటికి కూడా విలువ కట్టి, దాన్ని కలిపిన లెక్క ఒకటి విడిగా ఇచ్చారు 2022-23 సర్వేలో. ఆ రెండు ప్రశ్నలూ పేజీలో చేర్చమని రాశాను. ఇప్పుడు ఖర్చు అడిగే తెర మీద బియ్యం బస్తా బొమ్మ ఉంటుంది, కొన్నది, పండింది, కోటాది అని మూడు గళ్ళతో. మా ఊళ్ళో ఆ తెర దగ్గర ఎవరూ ఆగిపోవడం లేదు.

కానీ అన్నిటికంటే పెద్ద తప్పు డాలర్ల దగ్గర జరిగింది. దీన్ని కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇలాంటి పని చేయించుకునే ప్రతి సంస్థా ఇక్కడే జారే ప్రమాదం ఉంది.

అత్యంత పేదరికానికి ప్రపంచ బ్యాంకు గీసిన గీత 2025 జూన్ నుంచి మనిషికి రోజుకి 3 డాలర్లు. అంతకుముందు 2.15 డాలర్లు. స్టూడియోవాళ్ళు డాలర్‌ని ఆ రోజు మారకం రేటుతో గుణించేశారు. ఆ పద్ధతిలో ఇప్పటి 3 డాలర్లంటే రెండొందల యాభై పైచిలుకు రూపాయలు. అయిదుగురున్న ఇంటికి నెలకి 38 వేలు దాటాలన్నమాట, లేకపోతే అత్యంత పేదలే. ఆ లెక్కన గుణుపురంలో చాలామంది టీచర్ల ఇళ్ళు కూడా గీత కిందికి వస్తాయి.

ఆ 3 డాలర్లు మనం బ్యాంకులో మార్చుకునే డాలర్లు కావు. అమెరికాలో 3 డాలర్లకి ఎంత సరుకు వస్తుందో అంత సరుకు మన దేశంలో కొనాలంటే ఎన్ని రూపాయలు కావాలో చూసి వేసే లెక్క అది. కొనుగోలు శక్తి సమతుల్యం అంటారు. 2021 ధరల్లో అది మనకి సుమారు 60 రూపాయలు. అప్పట్నుంచి పెరిగిన ధరలు కలిపితే ఇంకొంచెం ఎక్కువ. 60కి, 250కి మధ్య ఉన్న తేడా చిన్న పొరపాటు కాదు, బొమ్మ మొత్తం తలకిందులైపోతుంది. పిన్నిది నలుగురి ఇల్లు, అన్నీ కలిపి నెలకి 11 వేలు. మొదటి వెర్షన్ ఆవిడ చుక్కని ఎర్రటి అడుగున పడేసింది. సరైన లెక్కలో ఆ చుక్క గీతకి కాస్త పైన నిలబడింది.

దిద్దిన వెర్షన్ చూపించినప్పుడు పిన్ని అన్న మాట నా పుస్తకంలో రాసుకున్నాను. “కూసింత పైనంటే ఏటమ్మా, ఒక్క జొరం వస్తే కిందకే కదా.” సరే, చూద్దామని ఆవిడ చేతే ఆసుపత్రి ఖర్చు వేయించాను. పోయినేడు కొడుకు మలేరియాకి 14 వేలైందట. ఆ నెల ఖర్చులో 14 వేలు కలిపేసరికి చుక్క కిందకి రాలేదు. పైకి, చాలా పైకి వెళ్ళింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. అప్పు చేసి ఆసుపత్రికి కట్టిన నెల ఆ ఇల్లు డబ్బున్న ఇల్లయిపోయింది తెర మీద.

ఇది స్టూడియో తప్పు కాదు. ఖర్చుని బట్టి బతుకుని కొలిచే పద్ధతిలోనే ఉన్న చిక్కు ఇది. తిండి మీద పెట్టినా జబ్బు మీద పెట్టినా ఖర్చు ఖర్చే కదా దానికి. కానీ దాని మీద ఆ కుర్రాళ్ళు చేసిన పని నాకు ఎంతో నచ్చింది, నేను వాళ్ళకి మార్కులు వేసేది ముఖ్యంగా ఇక్కడే. పెద్ద వైద్య ఖర్చుని వేరే గడిలో అడుగుతారు. అది వేయగానే మామూలు ఖర్చు చుక్క తన చోటే ఉంటుంది, దాని కింద ఒక నీడ చుక్క మెల్లగా దిగుతుంది. ఆ అప్పు తీర్చడానికి నెలనెలా తిండిలో, చదువులో ఎంత కోత పడుతుందో మనమే జరిపి చూడొచ్చు. దాతలకి చూపించినప్పుడు అందరూ ఎక్కువసేపు ఉండేది ఆ తెర మీదే. ఒకాయన అయిదుసార్లు ముందుకీ వెనక్కీ జరిపారు, తర్వాత మా వైద్య సాయం నిధి గురించి అడిగారు.

గీత మారిన సంగతి ఇంకోటి. మా పని సగంలో ఉండగానే 2.15 పోయి 3 వచ్చింది. 2022 సంవత్సరానికి ప్రపంచంలో అత్యంత పేదల సంఖ్య కాగితం మీద 71.3 కోట్ల నుంచి 83.8 కోట్లకి, అంటే 9 శాతం నుంచి 10.5 శాతానికి మారింది. ఆ పన్నెండున్నర కోట్ల మంది ఒక్క రాత్రిలో పేదలైపోలేదు. గీత పైకి జరిగింది, కొత్త ధరల లెక్కలొచ్చాయి. మన దేశంలో పాత గీత ప్రకారం 2022-23లో 2.3 శాతం, కొత్త గీత ప్రకారం 5.3 శాతం. అదే కొత్త గీతతో వెనక్కి వెళ్ళి చూస్తే 2011-12లో 27.1 శాతం. పాత గీతతో ఉన్న పాత అంకె పక్కన కొత్త గీతతో ఉన్న కొత్త అంకె పెడితే తగ్గిన పేదరికం తక్కువగా కనిపిస్తుంది. స్టూడియోవాళ్ళు రెండు గీతలకీ ఒక మీట పెట్టారు. అటు నొక్కితే రెండు సంవత్సరాలూ పాత గీతలోకి, ఇటు నొక్కితే రెండూ కొత్త గీతలోకి మారతాయి, కలగలిసే వీల్లేదు. శుభ్రమైన పని.

2011-12కీ 2022-23కీ మధ్య మన దేశంలో ఇలాంటి వినియోగ సర్వే ఫలితాలేవీ అధికారికంగా బయటికి రాలేదు. మొదటి వెర్షన్‌లో ఆ పదకొండేళ్ళ మీదుగా నున్నటి వంపు గీత గీసి పెట్టారు, ప్రతి ఏడూ కొలిచినట్టు. తీసేయమన్నాను. ఇప్పుడు అక్కడ చుక్కల గీత ఉంది. దాని మీద వేలు పెడితే ‘ఈ మధ్యలో సర్వే లెక్క లేదు’ అని వస్తుంది.

ఆదాయం మెట్ల గురించి కూడా పట్టుబట్టాల్సి వచ్చింది. మొదట అడుగు గీత మీద 0, 10, 20, 30 అని సమానంగా డాలర్లు పెట్టారు. దాంతో మన జిల్లాలో ఇళ్ళన్నీ ఎడమ అంచున ఒకదాని మీద ఒకటి పడి ఒకే మచ్చలా కనిపించాయి. రోజుకి 60 రూపాయలతో బతికే ఇంటికీ 120తో బతికే ఇంటికీ మధ్య ఎంతో తేడా ఉంటుంది. ఒక ఇంట్లో పప్పు రోజూ ఉండదు, రెండో ఇంట్లో ఉంటుంది. 3000కి ఇంకో 60 కలిపితే ఏ తేడా తెలియదు. అందుకని రెట్టింపు మెట్లు అడిగాను: 1, 2, 4, 8, 16, 32, 64. స్వీడన్‌లోని గ్యాప్‌మైండర్ అనే సంస్థవాళ్ళు ఆదాయ స్థాయిలని 2, 8, 32 డాలర్ల దగ్గర విడదీసింది ఇదే ఆలోచనతో. మార్చాక మచ్చ విడిపోయి ఇళ్ళయింది.

భూగోళం తీసేశాం. బాధేసింది, అందంగా ఉండేది. కానీ పటం మీద పెద్ద దేశం పెద్దగా కనిపిస్తుంది, మనుషులు తక్కువున్నా సరే. బంగ్లాదేశ్‌లాంటి కిక్కిరిసిన దేశం వేలి కింద దొరకదు. పైగా బయటినుంచి తెచ్చిన ఉచిత పటంలో మన సరిహద్దులు సర్వే ఆఫ్ ఇండియా పటంతో సరిపోలేదు, దాన్ని ప్రచురిస్తే ఇబ్బంది మాకే. దాని బదులు నూరు గళ్ళు వచ్చాయి. ఒక్కో గడి ప్రపంచంలో నూటికి ఒక వంతు. అత్యంత పేదలవి పది గళ్ళు నిండుగా, పదకొండోది సగం. మా సాయంత్రం బడిలో ఏడో తరగతి పిల్లాడు ఆ సగం గడిలో ఎంతమంది ఉంటారని అడిగి, సుమారు 4 కోట్లని తెలిశాక, ఒడిశా మొత్తం పడుతుందా అని లెక్కేసుకున్నాడు. దాదాపు పడుతుంది.

గళ్ళ మీద ఖండాల పేర్లు వస్తాయి. ఈ రోజుల్లో అత్యంత పేదల్లో ముగ్గురికి ఇద్దరు సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో ఉన్నారని అక్కడ తెలుస్తుంది. 1990లో ఆసియా వైపే ఎక్కువ. మా దాతల్లో ఇది తెలిసినవాళ్ళు తక్కువ.

ఒక చార్టు మాత్రం పూర్తిగా కొట్టించేశాను. నీతి ఆయోగ్ బహుముఖ పేదరికం లెక్కని, డాలర్ల లెక్కని ఒకే గీత మీద పక్కపక్కన పెట్టారు. నీతి ఆయోగ్‌ది ఆరోగ్యం, చదువు, జీవన ప్రమాణాలు అని 12 సూచికల మీద చూసే లెక్క. ఆ లెక్కన ఒడిశాలో 2015-16లో 29.34 శాతం, 2019-21లో 15.68 శాతం. ఇంట్లో మరుగుదొడ్డి లేకపోవడం, రోజుకి 60 రూపాయల లోపు ఖర్చు పెట్టడం, రెండూ లేమే, కానీ ఒకే లేమి కాదు. ఇప్పుడవి వేరువేరు తెరల మీద ఉన్నాయి.

ఇక ఫోటో. మొదటి తెర తెరవగానే చిరిగిన చొక్కా, ముక్కు కారుతున్న పిల్లాడు. ఎవరీ బాబు అని అడిగితే ఫోటోలమ్మే సైట్లో కొన్నామన్నారు. ఏ ఊరో, ఆ తల్లికి తెలుసో లేదో వాళ్ళకి తెలియదు. ఆ ఫోటో మా పిల్లలు చూసే పేజీలో ఉండటానికి ఒప్పుకోనని చెప్పాను. మా బడికొచ్చే పిల్లలు తల దువ్వుకుని, ఉన్నంతలో ఉతికిన బట్టలు కట్టుకుని వస్తారు. వాళ్ళ తల్లులు అలా పంపుతారు. ఆ తెర చూసి ‘ఇది మన గురించా?’ అని ఏ పిల్లయినా అడిగితే నా దగ్గర జవాబు లేదు.

వాళ్ళకి డాలర్ స్ట్రీట్ అనే సైటు చూపించాను. ఇదీ గ్యాప్‌మైండర్‌దే, అన్నా రోస్లింగ్ రోన్‌లుండ్ ఆలోచన. ప్రపంచంలోని ఇళ్ళన్నీ ఒకే వీధిలో ఉన్నట్టు, తక్కువ రాబడి వాళ్ళు ఒక కొసన, ఎక్కువ రాబడి వాళ్ళు ఇంకో కొసన. వందల ఇళ్ళ ఫోటోలున్నాయి. మంచాలు, పొయ్యిలు, పళ్ళు తోముకునేవి, తలుపులు. మనిషి ముఖంలో దైన్యం వెతకరు, వస్తువు చూపిస్తారు. పేరు చెప్పి వాడుకుంటే ఆ ఫోటోలు ఎవరికైనా ఉచితం. మా బడి పిల్లలకి పొయ్యిలు తెరిచి చూపించినప్పుడు ఒక అమ్మాయి ఆఫ్రికాలోని ఒక ఇంటి మూడురాళ్ళ పొయ్యి మీద వేలు పెట్టి “మా అమ్మమ్మ పొయ్యి” అంది. తను ఎన్నడూ వినని దేశంలో అమ్మమ్మ పొయ్యి దొరికింది. మా పేజీ మొదటి తెర మీద ఇప్పుడు పొయ్యిలే ఉన్నాయి. నాలుగు ఇక్కడి ఇళ్ళవి, ఇంటివాళ్ళని అడిగి, తీసిన ఫోటో వాళ్ళకి చూపించి, సరేనన్నాకే పెట్టాం. మిగతావి డాలర్ స్ట్రీట్‌వి, పేరుతో సహా.

తెలుగు అక్షరాల సంగతి చెప్పకపోతే ఈ రివ్యూ పూర్తి కాదు. మొదటి వెర్షన్‌లో ‘రాష్ట్రం’ అన్న మాటకి కింద వత్తులు తెగిపోయాయి. ‘ష’ కింద ట వత్తు సగమే ఉంది, దాని పక్క రావత్తు అసలే లేదు. చార్టు పెట్టెల్లో వరసకి వరసకి మధ్య జాగా ఇంగ్లిష్ అక్షరాలకి సరిపడా మాత్రమే పెడతారు, మనకి కింద ఇంకో అంతస్తు ఉంటుంది. నోటో సాన్స్ తెలుగు ఫాంటు పెట్టి, వరసల మధ్య జాగా పెంచాక కుదిరింది. ఒడియా మాటలకి పెట్టెలు వెడల్పు చెయ్యాల్సొచ్చింది. ‘838 మిలియన్లు’ అన్నచోట ‘83.8 కోట్లు’ అని రాయించాను.

పేజీ బరువు మొదట 11 ఎంబీ. కొండ మీద ఊళ్ళలో తెరుచుకోనేలేదు, చక్రం తిరుగుతూనే ఉంది. భూగోళం పోయాక ఒక ఎంబీ లోపుకి దిగింది, ఒకసారి తెరిచాక నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

మాకు కోపం తెప్పించినవి రెండు. ఆలస్యం ముందుగా చెప్పకపోవడం ఒకటి. పని అయ్యాక అసలు ఫైళ్ళు అడిగితే, అవి ఒప్పందంలో లేవంటూ ఇంకో 12 వేలు తీసుకోవడం రెండోది. మా దగ్గర ఫైళ్ళు లేకపోతే ప్రపంచ బ్యాంకు అంకె మార్చిన ప్రతిసారీ వాళ్ళ చుట్టూ తిరగాలి. ఈ మాట మొదటి రోజే కాగితం మీద రాయించుకోండి. అంకెలు ఎక్కడినుంచి తెచ్చారో, ఏ ఏటి ధరల్లో ఉన్నాయో ప్రతి చార్టు కిందా రాయాలని కూడా.

మెచ్చుకోవాల్సినది కూడా చెబుతాను. జూలైలో ఇద్దరూ గుణుపురం ప్యాసింజర్ ఎక్కి వచ్చి రెండు రోజులున్నారు. సంతలో కూర్చున్నారు, పిన్ని పక్కన. ఒక కుర్రాడు సాయంత్రం దాకా ఏం మాట్లాడలేదు, ఎవరెవరు తెర మీద ఎక్కడ ఆగిపోతున్నారో పుస్తకంలో గీతలు పెట్టుకుంటూ కూర్చున్నాడు. ఆ రెండు రోజుల తర్వాత వచ్చిన వెర్షన్, అంతకు ముందుది, ఇద్దరు వేరే మనుషులు చేసినట్టున్నాయి. ఆ రాక ఏప్రిల్‌లోనే జరిగుంటే మాకు ఆరు వారాలు మిగిలేవి.

అయిదుకి నాలుగు ఇస్తున్నాను. మళ్ళీ వాళ్ళకే పని ఇస్తాం, ఇస్తున్నాం కూడా. రెండో విడతలో చదవడం రానివాళ్ళ కోసం గొంతుతో వినిపించే బటన్ వస్తోంది, సవర భాషలో. సవరకి సోరాంగ్ సోంపెంగ్ అని సొంత లిపి ఉంది, 1936లో మంగేయ్ గొమాంగో తయారుచేసింది. కానీ మా ఊళ్ళ పెద్దవాళ్ళకి అక్షరం కంటే గొంతు దగ్గర. మా సాయంత్రం బడిలో చదివిన అమ్మాయి పోయిన వారం మొదటి ఆరు వాక్యాలు రికార్డు చేసింది. బియ్యం బస్తా తెర దగ్గర ఆగాం. కోటా బియ్యాన్ని సవరలో ఏమనాలో ఆ అమ్మాయి, వాళ్ళ నాన్న ఇంకా తేల్చుకోలేదు.